ఛార్జరు విడిభాగాలు

ఛార్జరు విడిభాగాలు అనగా సెల్‌ఫోను, ల్యాప్‌టాప్, కెమెరా, రేడియో, వైఫై రూటరు మొదలైన ఎలక్ట్రానిక్ పరికరాలకు విద్యుత్తును అందించే ఛార్జరులో ఏదైనా భాగం పాడైనపుడు దాని స్థానంలో అమర్చే తీగలు, పిన్నులు, ఫ్యూజులు, కెపాసిటర్లు, డయోడ్లు వంటి భాగాలు. ఛార్జరు పనిచేయకపోవడానికి చాలా సందర్భాలలో ఒక చిన్న భాగం మాత్రమే కారణమవుతుంది. ఆ భాగాన్ని సరిగా గుర్తించి, దానికి సమానమైన దానిని సంపాదించగలిగితే కొత్త ఛార్జరు కొనే అవసరం తప్పుతుంది. అయితే ఛార్జరు ఒక వైపు 230 వోల్టుల గృహ విద్యుత్తుతోను, మరొక వైపు మనిషి చేతిలో ఉండే పరికరంతోను సంబంధం కలిగి ఉంటుంది. కాబట్టి సరిపోలని విడిభాగం పరికరానికే కాక ప్రాణానికి కూడా హాని కలిగించవచ్చు. ఏ భాగాన్ని మార్చుకోవచ్చు, దేనిని మార్చకూడదు అనే విషయం తెలిసి ఉండటం ఈ కారణంగా ముఖ్యమైనది.

చరిత్ర

భారతదేశంలో గృహోపకరణాలకు విడిగా విద్యుత్తును అందించే పెట్టె మొదట "బ్యాటరీ ఎలిమినేటరు" అనే పేరుతో ప్రచారంలోకి వచ్చింది. ట్రాన్సిస్టరు రేడియోలు, టేప్‌రికార్డర్లు వాడేవారు బ్యాటరీల ఖర్చు తగ్గించుకోవడానికి దీనిని కొనేవారు. ఇందులో ఇనుప రేకులపై రాగి తీగ చుట్టిన ట్రాన్స్‌ఫార్మరు, రెండు లేక నాలుగు డయోడ్లు, ఒక కెపాసిటరు ఉండేవి. 3, 4.5, 6, 7.5, 9 వోల్టులలో కావలసినదానిని ఎంచుకోవడానికి కొన్నిటికి ఒక మీట కూడా ఉండేది. భాగాలు తక్కువ, అన్నీ పెద్దవి, ఎక్కడైనా దొరికేవి. అందువలన రేడియో మెకానిక్కు ఎవరైనా దీనిని బాగుచేయగలిగేవాడు.

సెల్‌ఫోన్లు వచ్చిన తరువాత ఒక్కొక్క కంపెనీకి ఒక్కొక్క రకమైన పిన్ను ఏర్పడింది. నోకియా ఫోన్లకు మొదట 3.5 మిల్లీమీటర్ల లావు పిన్ను ఉండేది. 2000 దశకం మధ్యలో దాని స్థానంలో 2 మిల్లీమీటర్ల సన్న పిన్ను వచ్చింది. పాత ఛార్జరును కొత్త ఫోనుకు వాడుకోవడానికి సిఎ-44 అనే చిన్న మార్పిడి ముక్కను ఆ కంపెనీయే తయారుచేసింది.

ఈ అస్తవ్యస్త స్థితిని తొలగించే ప్రయత్నంగా 2009లో ఐరోపా సంఘం కోరిక మేరకు ప్రధాన సెల్‌ఫోను కంపెనీలు మైక్రో యూఎస్‌బీని ఉమ్మడి పద్ధతిగా అంగీకరించాయి. 2014లో ఎటు తిప్పినా సరిపోయే టైప్-సి సాకెట్టు వెలువడింది. 2022లో ఐరోపా సంఘం చేసిన శాసనం ప్రకారం 2024 డిసెంబరు 28 నుండి అక్కడ అమ్మే ఫోన్లు, ట్యాబ్లెట్లు, కెమెరాలు మొదలైనవాటికి టైప్-సి తప్పనిసరి అయ్యింది. ల్యాప్‌టాప్‌లకు 2026 ఏప్రిల్ 28ని గడువుగా నిర్ణయించారు. భారత ప్రమాణాల సంస్థ కూడా టైప్-సికి సంబంధించి ఐ.ఎస్./ఐ.ఇ.సి. 62680-1-3:2022 అనే ప్రమాణాన్ని ప్రచురించింది. 2020లో ఐఫోన్ 12తో మొదలుకొని కొన్ని కంపెనీలు ఫోనుతో పాటు ఛార్జరు ఇవ్వడం మానివేశాయి. దీనితో ఛార్జరును, తీగను విడిగా కొనుక్కునే అవసరం పెరిగింది.

పనిచేసే విధానం

ఇంటికి వచ్చే విద్యుత్తు సెకనుకు 50 సార్లు ఆవర్తనం చెందే ఏకాంతర విద్యుత్తు. ఎలక్ట్రానిక్ పరికరాలకు కావలసినది తక్కువ వోల్టేజి గల ఏకముఖ విద్యుత్తు. ఈ మార్పును నేటి ఛార్జర్లు స్విచ్ మోడ్ పద్ధతిలో చేస్తాయి. దీనిని ఈ క్రింది దశలుగా చెప్పవచ్చు.

1. గృహ విద్యుత్తు ఫ్యూజు గుండా ప్రవేశించి, నాలుగు డయోడ్ల వంతెన ద్వారా ఏకముఖ విద్యుత్తుగా మారుతుంది.
2. ఈ విద్యుత్తు ఒక పెద్ద కెపాసిటరులో నిలువ అవుతుంది. 230 వోల్టులు అనేది ఆర్.ఎం.ఎస్. విలువ మాత్రమే. దాని శిఖర విలువ 1.414 రెట్లు, అనగా సుమారు 325 వోల్టులు ఉంటుంది. ఈ కెపాసిటరుపై 400 వోల్టులు లేదా అంతకు పైబడిన సామర్థ్యం ముద్రించి ఉండటానికి ఇదే కారణం.
3. ఒక ఐ.సి., దాని ఆధీనంలోని ట్రాన్సిస్టరు కలిసి ఈ విద్యుత్తును సెకనుకు వేల సార్లు ఆపుతూ, విడుస్తూ ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మరుకు పంపుతాయి. పౌనఃపున్యం ఎక్కువగా ఉండటం వలన ట్రాన్స్‌ఫార్మరు చాలా చిన్నదిగా ఉంటే సరిపోతుంది. పాత ఎలిమినేటరు బరువుగా, నేటి ఛార్జరు తేలికగా ఉండటానికి కారణం ఇదే.
4. ట్రాన్స్‌ఫార్మరు రెండవ వైపు నుండి వచ్చే తక్కువ వోల్టేజిని ఒక షాట్కీ డయోడు, కొన్ని కెపాసిటర్లు నిలకడైన ఏకముఖ విద్యుత్తుగా మారుస్తాయి.
5. బయటకు వస్తున్న వోల్టేజి హెచ్చుతగ్గుల సమాచారం ఆప్టోకప్లరు అనే భాగం ద్వారా కాంతి రూపంలో మొదటి వైపుకు చేరుతుంది. దానిని బట్టి ఐ.సి. తన వేగాన్ని సరిచేసుకుంటుంది.

ఇందులో ప్రమాదకరమైన మొదటి వైపుకు, వాడుకరి తాకే రెండవ వైపుకు మధ్య లోహపు తీగ సంబంధం ఉండదు. శక్తి అయస్కాంత క్షేత్రం ద్వారాను, సమాచారం కాంతి ద్వారాను మాత్రమే దాటుతాయి. ఛార్జరు భద్రత అంతా ఈ ఎడబాటుపైనే ఆధారపడి ఉంది.

ముఖ్యమైన విడిభాగాలు

తీగ: అన్నిటికంటే ఎక్కువగా పాడయ్యేది ఇదే. పిన్నుకు దగ్గరగా, పెట్టె నుండి బయటకు వచ్చే చోట తీగ పదేపదే వంగి లోపలి రాగి పోచలు తెగిపోతాయి. పైన తొడుగు బాగానే కనిపిస్తుంది. తీగను కదిలించినపుడు ఛార్జింగు వచ్చి పోతూ ఉంటే దోషం ఇక్కడ ఉన్నట్లు భావించాలి. ల్యాప్‌టాప్ అడాప్టర్ల తీగలో సాధారణంగా లోపలి పోచలు ధనధ్రువం, వాటి చుట్టూ అల్లిన పోచలు ఋణధ్రువం. కొన్నిటిలో మూడవ సన్నని తీగ కూడా ఉంటుంది. పిన్నుతో సహా ఈ తీగ విడిగా దొరుకుతుంది.

పిన్ను: గుండ్రని పిన్నుకు బయటి వ్యాసం, లోపలి వ్యాసం అనే రెండు కొలతలు ఉంటాయి. ఈ రెండూ సరిపోవాలి.

ఫ్యూజు: అధిక ప్రవాహం వచ్చినపుడు కరిగిపోయి మిగిలిన భాగాలను కాపాడుతుంది. సెల్‌ఫోను ఛార్జర్లలో దీనికి బదులు ఫ్యూజుగా కూడా పనిచేసే రెసిస్టరు ఉంటుంది. ఫ్యూజు ఊరకనే పోదు. దాని తరువాత ఉన్న డయోడ్లలోనో, ట్రాన్సిస్టరులోనో లోపం ఉంటే కొత్త ఫ్యూజు కూడా వెంటనే పోతుంది.

వేరిస్టరు: నాణెం ఆకారంలో ఉండే ఈ భాగం వోల్టేజి హద్దు మీరినపుడు తాను విద్యుత్తును లాగుకొని ఫ్యూజు పోయేలా చేస్తుంది. వీధిలో న్యూట్రల్ తీగ తెగినపుడు ఇళ్ళకు 230కి బదులు దాదాపు 400 వోల్టుల వరకు రావచ్చు. అటువంటి రోజున ఒకే వీధిలో అనేక ఛార్జర్లు ఒకేసారి పాడవడానికి కారణం ఇదే. వేరిస్టరు, ఫ్యూజు మాత్రమే పోయి ఉంటే ఛార్జరును బాగుచేయవచ్చు.

ఎలక్ట్రోలిటిక్ కెపాసిటర్లు: వీటిలో ఉండే ద్రవం వేడికి క్రమంగా ఆరిపోతుంది. పై భాగం ఉబ్బడం, అడుగున ద్రవం కారడం దీనికి గుర్తులు. ఒక్కొక్కసారి పైకి ఏ గుర్తూ లేకుండానే అంతర్గత నిరోధం పెరుగుతుంది. పని ఉష్ణోగ్రత 10 డిగ్రీలు తగ్గితే వీటి ఆయుష్షు సుమారు రెట్టింపు అవుతుందని ఒక అంచనా సూత్రం. పరుపుపై, దిండు క్రింద ఉంచి వాడిన ఛార్జరు త్వరగా పాడవడానికి కారణం దీనిని బట్టి తెలుస్తుంది. క్రొత్తది వేసేటపుడు మైక్రోఫారడ్ల విలువ అదే ఉండాలి. వోల్టేజి సామర్థ్యం అదే లేదా ఎక్కువ ఉండాలి. 105 డిగ్రీల సెల్సియస్ రకమే ఎంచుకోవాలి. ధన, ఋణ ధ్రువాలు తారుమారైతే కెపాసిటరు పేలే ప్రమాదం ఉంది.

ఎక్స్, వై కెపాసిటర్లు: ఇవి భద్రతా వర్గానికి చెందినవి. ఎక్స్ రకం రెండు గృహ విద్యుత్తు తీగల మధ్య ఉంటుంది. వై రకం మొదటి వైపుకు, రెండవ వైపుకు మధ్య వంతెన వలె ఉంటుంది. లోహపు శరీరం గల ల్యాప్‌టాప్‌ను ఛార్జింగులో ఉండగా తాకినపుడు కలిగే సన్నని జలదరింపునకు సాధారణంగా కారణం ఈ వై కెపాసిటరు గుండా వచ్చే అతి స్వల్ప ప్రవాహమే. వై1, వై2 అని ముద్రించిన భాగాలు విఫలమైనపుడు తెగిపోయే విధంగా తయారవుతాయి. చూడటానికి అలాగే ఉండే మామూలు బిళ్ళ కెపాసిటరును అక్కడ వేస్తే, అది విఫలమైన రోజున గృహ విద్యుత్తు నేరుగా పరికరానికి చేరుతుంది. ఈ ఒక్క భాగం విషయంలో ప్రత్యామ్నాయానికి తావు లేదు.

డయోడ్లు, ట్రాన్సిస్టరు: మొదటి వైపు డయోడ్లలో 1ఎన్ 4007 అతి సాధారణమైనది. ఇది 1000 వోల్టులు, 1 ఆంపియరు వరకు తట్టుకుంటుంది. రెండవ వైపు షాట్కీ డయోడు స్థానంలో దీనిని వేయరాదు. పౌనఃపున్యం ఎక్కువగా ఉండటం వలన ఇది వేడెక్కి కాలిపోతుంది.

నియంత్రణ భాగాలు: అనేక అడాప్టర్లలో పి.సి. 817 అనే ఆప్టోకప్లరు, టి.ఎల్. 431 అనే నియంత్రకం కనిపిస్తాయి. రెండవది 1977లో టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ విడుదల చేసిన భాగం. అనేక కంపెనీలు వీటిని తయారుచేస్తున్నందువలన సులభంగా దొరుకుతాయి. స్విచింగ్ ఐ.సి., ఫెర్రైట్ ట్రాన్స్‌ఫార్మరు మాత్రం ఆయా నమూనాలకు ప్రత్యేకమైనవి. ఇవి పోయినపుడు మరమ్మతు సాధారణంగా లాభదాయకం కాదు.

లేబులు చదివే విధానం

విడిభాగం కొనేముందు ఛార్జరుపై ఉన్న లేబులును పూర్తిగా చదవాలి.

* ఇన్‌పుట్: 100–240 వోల్టులు అని ఉంటే ఏ దేశపు విద్యుత్తుకైనా పనికివస్తుంది. అలలాంటి గీత ఏకాంతర విద్యుత్తుకు గుర్తు.
* అవుట్‌పుట్: నిండు గీత, దాని క్రింద మూడు చిన్న గీతలు ఏకముఖ విద్యుత్తుకు గుర్తు. వోల్టులను ఆంపియర్లతో గుణిస్తే సామర్థ్యం వాట్లలో వస్తుంది. ఉదాహరణకు 19.5 × 3.33 = దాదాపు 65 వాట్లు; 19.5 × 4.62 = దాదాపు 90 వాట్లు.
* ధ్రువాల చిత్రం: మధ్యలో ఒక చుక్క, దాని చుట్టూ అర్ధవృత్తం ఉంటాయి. చుక్కకు ధన గుర్తు కలిపి ఉంటే పిన్ను లోపలి భాగం ధనధ్రువం అని అర్థం.
* ఒకదానిలో ఒకటిగా ఉన్న రెండు చతురస్రాలు: రెండు పొరల విద్యుద్బంధకం ఉన్నదని, ఎర్తు తీగ అవసరం లేదని సూచిస్తాయి.
* భారత ప్రమాణాల సంస్థ గుర్తు: దానితో పాటు ఐ.ఎస్. సంఖ్య, ఆర్ అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ఉంటాయి.
* అడ్డంగా కొట్టివేసిన చెత్తబుట్ట బొమ్మ: మామూలు చెత్తలో వేయరాదని అర్థం.

లోపాన్ని గుర్తించే క్రమం

విడిభాగం వెదకడానికి ముందు లోపం ఎక్కడ ఉన్నదో నిర్ధారించుకోవాలి. లేకపోతే బాగున్న భాగాన్ని మార్చడం జరుగుతుంది.

1. గోడ సాకెట్టులో మరొక ఉపకరణం పెట్టి విద్యుత్తు వస్తున్నదో లేదో చూడాలి.
2. తీగ విడిగా వచ్చే రకమైతే వేరొక తీగతో ప్రయత్నించాలి.
3. ఫోను సాకెట్టులో జేబు నూగు, దుమ్ము చేరి ఉండవచ్చు. ఫోను ఆపివేసి, లోహం కాని సన్నని పుల్లతో నెమ్మదిగా తీయాలి.
4. అదే ఛార్జరుతో మరొక పరికరం ఛార్జింగు అయితే లోపం మొదటి పరికరం సాకెట్టులో గాని, బ్యాటరీలో గాని ఉన్నట్లు.
5. గుండ్రని పిన్ను గల అడాప్టరు వోల్టేజిని మల్టీమీటరుతో కొలవాలి. లేబులుపై ఉన్న విలువకు సుమారు 5 శాతం లోపు తేడా ఉండవచ్చు. భారం లేనపుడు సరిగా ఉండి, పరికరం తగిలించగానే పడిపోతే రెండవ వైపు కెపాసిటర్లను అనుమానించాలి.

టైప్-సి సాకెట్టు గల ఛార్జరును ఈ విధంగా కొలిస్తే మీటరు సున్నా చూపుతుంది. తగిన పరికరం తగిలించినట్లు గుర్తించేవరకు అది విద్యుత్తును విడుదల చేయదు. దీనిని లోపంగా భావించకూడదు.

సరిపోలిన దానిని ఎంచుకోవడం

వోల్టేజి లేబులుపై ఉన్నదానితో సమానంగా ఉండాలి. ఆంపియర్లు సమానంగా లేదా ఎక్కువగా ఉండవచ్చు. పరికరం తనకు కావలసినంత ప్రవాహాన్ని మాత్రమే తీసుకుంటుంది గనుక 3.33 ఆంపియర్ల అడాప్టరుకు బదులు అదే వోల్టేజి గల 4.62 ఆంపియర్ల అడాప్టరు వాడవచ్చు. దీనికి విరుద్ధంగా చేస్తే అడాప్టరు వేడెక్కి పాడవుతుంది.

పిన్నుల విషయంలో ఈ క్రింది తేడాలు గమనించదగినవి.

* వైఫై రూటర్లు, సి.సి. కెమెరాలలో 12 వోల్టుల విద్యుత్తుతో 5.5 మిల్లీమీటర్ల బయటి వ్యాసం గల పిన్ను ఎక్కువగా కనిపిస్తుంది. దీని లోపలి వ్యాసం 2.1 లేదా 2.5 మిల్లీమీటర్లు ఉంటుంది. 2.5 పిన్ను 2.1 సాకెట్టులో దూరుతుంది గాని వదులుగా ఉండి నిప్పురవ్వలు వస్తాయి. 2.1 పిన్ను 2.5 సాకెట్టులో దూరదు.
* ఏసర్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి 5.5 × 1.7 మిల్లీమీటర్ల పిన్ను, 19 వోల్టులు ఉంటాయి.
* డెల్, హెచ్.పి. నమూనాలలో అనేకం 7.4 లేదా 4.5 మిల్లీమీటర్ల పిన్ను మధ్యలో ఒక సన్నని సూది కలిగి ఉంటాయి. ఈ సూది ద్వారా ల్యాప్‌టాప్ అడాప్టరును గుర్తిస్తుంది. గుర్తింపు అందకపోతే కొన్ని డెల్ నమూనాలు పనిచేస్తాయి గాని బ్యాటరీ ఛార్జింగు కాదు. తీగ మార్చేటపుడు మూడవ సన్నని తీగను కలపడం మరచిపోతే ఇదే ఫలితం కలుగుతుంది.
* లెనోవో ల్యాప్‌టాప్‌లలో కొన్నిటికి 20 వోల్టుల దీర్ఘచతురస్రాకారపు పిన్ను ఉంటుంది.

యూఎస్‌బీ తీగల ఎంపికలో మందం ముఖ్యం. 28 గేజి రాగి తీగ నిరోధం మీటరుకు సుమారు 0.213 ఓములు. ఒక మీటరు పొడవు గల తీగలో ప్రవాహం పోవడానికి, తిరిగి రావడానికి కలిపి 2 మీటర్ల దారి అవుతుంది. 2 ఆంపియర్ల ప్రవాహం వద్ద 0.85 వోల్టులు తీగలోనే పోయి, 5 వోల్టులకు బదులు 4.15 వోల్టులు మాత్రమే ఫోనుకు చేరుతాయి. అదే 24 గేజి తీగ అయితే సుమారు 4.66 వోల్టులు చేరుతాయి. ఛార్జరు మంచిదైనా ఫోను నెమ్మదిగా ఛార్జింగు కావడానికి తీగ సన్నదనం ఒక ముఖ్య కారణం.

టైప్-సి తీగలు మామూలుగా 3 ఆంపియర్ల వరకు తట్టుకుంటాయి. 5 ఆంపియర్ల తీగలో తన సామర్థ్యాన్ని ఛార్జరుకు తెలియజేసే చిన్న చిప్పు ఉంటుంది. ఒక కొన పాత యూఎస్‌బీ, మరొక కొన టైప్-సి గల తీగలో 56 కిలో ఓముల రెసిస్టరు ఉండాలని ప్రమాణం చెబుతుంది. అంతకు తక్కువ విలువ గల రెసిస్టరు వేసిన తీగలు పాత ఛార్జరు శక్తికి మించిన ప్రవాహాన్ని లాగి దానిని పాడుచేయగలవు.

పద్మారావు నగర్, జంట నగరాలలో లభ్యత

పద్మారావు నగర్ సికింద్రాబాదులో చిలకలగూడ, భోయిగూడ, వారాసిగూడ, ముషీరాబాదులకు సమీపాన ఉన్న నివాస ప్రాంతం. ఇటువంటి కాలనీలలోని సెల్‌ఫోను దుకాణాలలో యూఎస్‌బీ తీగలు, సాధారణ ఛార్జర్లు దొరుకుతాయి. ఫోను ఛార్జింగు సాకెట్టు మార్చే పని కూడా కొన్నిచోట్ల చేస్తారు. కాని 400 వోల్టుల కెపాసిటరు, వై1 కెపాసిటరు, షాట్కీ డయోడు వంటి విడి భాగాలకు జంట నగరాలలోని ప్రత్యేక మార్కెట్లకు వెళ్ళవలసి ఉంటుంది. వీటిలో ముఖ్యమైనవి:

* గుజరాతీ గల్లీ, కోఠి: ఎలక్ట్రానిక్ విడిభాగాలకు హైదరాబాదులో ప్రసిద్ధి చెందిన మార్కెట్టు. రెసిస్టర్లు, కెపాసిటర్లు, ఐ.సి.లు, పిన్నులు, టంకం సామగ్రి, మల్టీమీటర్లు ఇక్కడ చిల్లరగాను, టోకుగాను లభిస్తాయి. ఇంజనీరింగు విద్యార్థులు తమ ప్రాజెక్టుల కోసం ఎక్కువగా ఇక్కడికే వస్తారు.
* చెనాయ్ ట్రేడ్ సెంటర్, పార్క్‌లేన్, సికింద్రాబాదు: కంప్యూటర్లు, ల్యాప్‌టాప్‌ల అమ్మకాలకు, మరమ్మతులకు కేంద్రం. వాడుకలో దీనిని సి.టి.సి. అంటారు. ల్యాప్‌టాప్ అడాప్టర్లు, వాటి తీగలు, ల్యాప్‌టాప్ లోపలి డి.సి. జాక్‌లకు ఇది అనువైన చోటు.
* జగదీష్ మార్కెట్, ఆబిడ్స్: సెల్‌ఫోన్లకు, వాటి విడిభాగాలకు, మరమ్మతులకు పేరు పొందినది.
* రాణీగంజ్, సికింద్రాబాదు: విద్యుత్ పరికరాలు, హార్డువేరు దుకాణాలు ఉన్న ప్రాంతం. గోడ సాకెట్లు, మూడు పిన్నుల తీగలు వంటివాటికి పనికివస్తుంది.

2020 ఫిబ్రవరి 7న జూబ్లీ బస్ స్టేషను, మహాత్మాగాంధీ బస్ స్టేషనుల మధ్య మెట్రో రైలు మార్గం ప్రారంభమైన తరువాత పద్మారావు నగర్ వాసులకు కోఠి ప్రయాణం సులభమయ్యింది. సమీపంలోని గాంధీ ఆసుపత్రి స్టేషనులో ఎక్కి, రైలు మారకుండా సుల్తాన్ బజార్ స్టేషనులో దిగవచ్చు. గుజరాతీ గల్లీ అక్కడికి దగ్గరే.

మార్కెట్టుకు వెళ్ళేటపుడు పాత భాగాన్ని వెంట తీసుకువెళ్ళడం ఉత్తమం. పేరు చెప్పి అడగడం కంటె నమూనా చూపడం వలన పొరపాట్లు తగ్గుతాయి. భాగంపై ఉన్న సంఖ్యలను ముందుగా కాగితంపై వ్రాసుకోవాలి. కాలిపోయి అక్షరాలు కనపడకపోతే, అదే రకమైన బాగున్న ఛార్జరులోని భాగాన్ని చూసి విలువ తెలుసుకోవచ్చు. పిన్నులను కొనేచోటనే పరికరంలో పెట్టి చూసుకోవాలి. చిన్న భాగాలు చవక గనుక ఒకటికి రెండు తీసుకోవడం మంచిది. టంకం పెట్టేటపుడు ఒకటి పాడైనా మళ్ళీ ప్రయాణం చేయనవసరం ఉండదు.

నకిలీలు, ప్రమాణాలు

ఎలక్ట్రానిక్ వస్తువుల తప్పనిసరి నమోదుకు సంబంధించి భారత ప్రభుత్వం 2012లో ఉత్తర్వు జారీ చేసింది. 2014లో దాని పరిధిని విస్తరించినపుడు పవర్ అడాప్టర్లు, సెల్‌ఫోన్లు, పవర్ బ్యాంకులు అందులో చేరాయి. దీని ప్రకారం నమోదు సంఖ్య లేని అడాప్టరును తయారుచేయడం, దిగుమతి చేయడం, అమ్మడం చట్టవిరుద్ధం. లేబులుపై ఉన్న సంఖ్య నిజమైనదో కాదో భారత ప్రమాణాల సంస్థ వారి బి.ఐ.ఎస్. కేర్ అనువర్తనంలో సరిచూసుకోవచ్చు.

నకిలీ ఛార్జర్లు పైకి అసలు వాటి వలెనే కనిపిస్తాయి. బరువు తక్కువగా ఉండటం, లేబులులో అక్షర దోషాలు, పిన్నులు వదులుగా ఉండటం సాధారణ లక్షణాలు. అసలు తేడా లోపల ఉంటుంది. నాణ్యమైన ఛార్జరు బోర్డుపై మొదటి వైపుకు, రెండవ వైపుకు మధ్య సాధారణంగా 6 మిల్లీమీటర్ల వరకు ఖాళీ వదులుతారు. నాసిరకం ఛార్జర్లలో ఈ ఖాళీ ఒకటి రెండు మిల్లీమీటర్లు మాత్రమే ఉండవచ్చు. ఫ్యూజు, వేరిస్టరు, ఎక్స్ కెపాసిటరు వంటి భాగాలను పూర్తిగా మానివేయడమూ ఉంది. ఇవి లేకపోయినా ఛార్జరు పనిచేస్తుంది గనుక కొన్నవారికి లోపం తెలియదు.

విడిభాగాలలో కూడా ఇటువంటి మోసం ఉంటుంది. పాత బోర్డుల నుండి ఊడదీసిన కెపాసిటర్లు కొత్తవిగా అమ్ముడవుతూ ఉంటాయి. కాళ్ళు పొట్టిగా ఉండటం, కాళ్ళకు టంకం అంటి ఉండటం దీనికి గుర్తులు.

భద్రత

* ఛార్జరును గోడ నుండి తీసిన తరువాత కూడా పెద్ద కెపాసిటరులో కొంతసేపు వందల వోల్టులు నిలిచి ఉండవచ్చు. మల్టీమీటరుతో కొలిచి, అవసరమైతే కొన్ని కిలో ఓముల రెసిస్టరు ద్వారా ఖాళీ చేసిన తరువాతే లోపలి భాగాలను తాకాలి. స్క్రూ డ్రైవరుతో కాళ్ళను కలపడం ప్రమాదకరం.
* పోయిన ఫ్యూజు స్థానంలో రాగి పోచ చుట్టే అలవాటు కొందరికి ఉంది. దీని వలన లోపం ఏర్పడినపుడు ప్రవాహం ఆగక మంటలు రావచ్చు. ఫ్యూజు అదే ఆంపియర్లు, అదే రకం గలది వేయాలి.
* బాగుచేసిన ఛార్జరును మొదటిసారి నేరుగా గోడకు పెట్టకూడదు. మెకానిక్కులు 60 లేదా 100 వాట్ల పాత రకం బల్బును శ్రేణిలో కలిపి పరీక్షిస్తారు. లోపల షార్టు ఉంటే బల్బు పూర్తి కాంతితో వెలుగుతుంది, ఛార్జరు మాత్రం కాలిపోదు. బాగుంటే ఒక్క క్షణం మెరిసి ఆరిపోతుంది.
* తెగిన తీగను మెలిపెట్టి టేపు చుట్టడం తాత్కాలిక ఉపాయం కూడా కాదు. టంకం పెట్టి, ఒక్కొక్క తీగకు విడిగా స్లీవు తొడగాలి. గోడ వైపు తీగ చితికితే అతుకు వేయకుండా పూర్తిగా మార్చాలి.
* సెల్‌ఫోను ఛార్జర్ల పెట్టెలను కర్మాగారంలో అతికించి మూసివేస్తారు. వాటిని పగులగొట్టి తెరిస్తే విద్యుద్బంధక రక్షణ దెబ్బతింటుంది. తిరిగి జిగురుతో అతికించినా మునుపటి భద్రత ఉండదు. కాబట్టి ఫోను ఛార్జర్లలో తీగ వరకు మాత్రమే మార్చుకోవడం, పెట్టె లోపల లోపం ఉంటే నమోదు సంఖ్య గల కొత్తది కొనడం మేలు. ల్యాప్‌టాప్ అడాప్టర్లలో తీగ, పిన్ను మార్చడం అనుభవం గల మెకానిక్కు చేయదగిన పని.
* పిల్లలు, వృద్ధులు ఉన్న ఇళ్ళలోను, నెబ్యులైజరు వంటి వైద్య పరికరాలకును బాగుచేసిన అడాప్టరు కంటె తయారీదారు సూచించిన అడాప్టరునే వాడాలి.

మరమ్మతు హక్కు, ఈ-వ్యర్థాలు

ఛార్జరులో రాగి, ఫెర్రైట్, ప్లాస్టిక్కు, టంకం లోహాలు ఉంటాయి. ఒక మీటరు తీగ తెగినందుకు మిగిలినదంతా పారవేయడం ఆర్థికంగాను, పర్యావరణ దృష్ట్యాను నష్టమే. భారతదేశంలో ఈ-వ్యర్థాల నిర్వహణకు మొదట 2011లోను, తరువాత 2016లోను నియమాలు చేశారు. 2022లో చేసిన కొత్త నియమాలు 2023 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చాయి. వీటి ప్రకారం వాడి పారేసిన వస్తువుల పునర్వినియోగ బాధ్యత తయారీదారులపై ఉంటుంది. పనికిరాని ఛార్జర్లను మున్సిపల్ చెత్తలో కలపకుండా నమోదు పొందిన సేకరణ కేంద్రాలకు ఇవ్వాలి. రాగి కోసం తీగలను కాల్చడం వలన విషవాయువులు వెలువడతాయి.

వినియోగదారులు తమ వస్తువులను తామే, లేదా తమకు నచ్చిన మెకానిక్కు చేత బాగుచేయించుకునే వీలు ఉండాలనే భావనను మరమ్మతు హక్కు అంటారు. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జూలైలో దీనిపై ఒక కమిటీని నియమించి, అదే సంవత్సరం డిసెంబరు 24న, జాతీయ వినియోగదారుల దినోత్సవం నాడు, మరమ్మతు హక్కు పోర్టలును ప్రారంభించింది. కంపెనీల సేవా కేంద్రాలు, విడిభాగాల సమాచారం ఒకే చోట అందించడం దీని ఉద్దేశ్యం. నాసిరకం లేదా నకిలీ ఛార్జరు అమ్మినట్లయితే రసీదుతో జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915కు ఫిర్యాదు చేయవచ్చు. ఈ కారణంగా చిన్న విడిభాగం కొన్నా రసీదు తీసుకోవడం అవసరం.

ఇవి కూడా చూడండి

* ట్రాన్స్‌ఫార్మరు
* కెపాసిటరు
* డయోడు
* యూఎస్‌బీ
* ఈ-వ్యర్థాలు
* పద్మారావు నగర్
* కోఠి